వినని తోడు: ప్రత్యక్ష ప్రదర్శనలో ట్రాకు, క్లిక్కుల నైతిక విచారణ

ఉపోద్ఘాతం

ప్రత్యక్ష సంగీత ప్రదర్శనల్లో ముందుగా ధ్వనిముద్రణ చేసిపెట్టుకొన్న వాద్యసహకారాన్ని వినియోగించడం నేడు సర్వసాధారణమైంది. వాడుకలో దీన్ని ‘ట్రాకు’ అంటున్నారు. పాటలోని గాత్రాన్ని తొలగించి వాద్యాలను మాత్రమే మిగిల్చినది ‘మైనస్ ట్రాకు’. ట్రాకుతో పాటు వేదికమీది వాద్యకారులు కూడా వాయించవలసి వచ్చినప్పుడు, అందరినీ ఒకే నడకలో నిలపడానికి మరొక సాధనం కావలసి వస్తుంది. సమానమైన వ్యవధిలో టిక్కుటిక్కుమని మోగే ఆ ధ్వనే ‘క్లిక్కు’. డ్రమ్ములు వాయించే కళాకారుడు, కొన్ని బృందాల్లో వాద్యకారులందరూ, దీన్ని ఇయర్‌ఫోనులో వింటారు. శ్రోతలకు అది వినిపించదు. ఒకే స్టీరియో ఫైలులో ఒక పక్క క్లిక్కును, మరొక పక్క వాద్యాలను ఉంచి, మొదటిదాన్ని ఇయర్‌ఫోనుకు, రెండవదాన్ని స్పీకర్లకు పంపడం చిన్న బృందాలు అనుసరించే సులభమైన పద్ధతి.

ఆంధ్రదేశంలోని ఇతర పట్టణాల్లో లాగానే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో కూడా వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి ఉత్సవాలు, తిరునాళ్లు, పెళ్లి వేడుకలు, క్రైస్తవ ఆరాధన కూడికలు ఈ మార్పుకు వేదికలయ్యాయి. ఒకప్పుడు పన్నెండుమంది కూర్చొన్న చోట ఇప్పుడు ఒక గాయకుడు, ఒక కీబోర్డు, ఒక ల్యాప్‌టాప్ సరిపోతున్నాయి. దీన్ని గురించి వినవచ్చే అభిప్రాయాలు రెండు. ఇది శ్రోతను మోసగించడమేనన్నది ఒకటి. కాలంతో పాటు సాధనాలు మారతాయి గనుక ఇందులో విచారించవలసింది ఏమీ లేదన్నది రెండవది. ఈ రెండింటిలో ఏదీ అసలు సమస్యను స్పృశించడం లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వేదికపై పుట్టే ధ్వని నిజమైనదా, ముద్రితమైనదా అన్న ప్రశ్న కంటే, వేదికపై ఎవరు ఎవరిని వింటున్నారు అన్న ప్రశ్న మౌలికమైనది. తోడు అనేది వినే బాధ్యత. ట్రాకు ధ్వనిని ఇస్తుంది, ఆ బాధ్యతను స్వీకరించదు. నైతిక చర్చ మొదలుకావలసిన స్థానం ఇదే.

తోడు అన్న మాటకు అర్థం

ఈ చర్చకు తెనాలి ప్రాంతాన్ని ఆధారంగా తీసుకోవడానికి కారణం ఉంది. పద్యనాటక చరిత్రలో ఈ ప్రాంతానికి ఉన్న స్థానం సువిదితం. సురభి నాటక సమాజాల ప్రముఖుడు వనారస గోవిందరావు పూనికతో 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది తెనాలిలోనే. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు స్త్రీపాత్రధారిగా వికసించింది తెనాలి శ్రీరామవిలాస సభ వేదికపైనే. సత్య హరిశ్చంద్రీయ నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టాడు. దుర్యోధన పాత్రకు పేరుపొందిన మాధవపెద్ది వెంకట్రామయ్యది తెనాలి సమీపంలోని గోవాడ. తెలుగు శ్రోతకు ప్రత్యక్ష గానమంటే ఏమిటో నేర్పిన వేదికల్లో ఈ నేలమీది పద్యనాటకం ముఖ్యమైనది.

పద్యనాటకంలో తోడు అంటే ప్రధానంగా హార్మోనియం. నటుడు పద్యం ఎత్తుకొనే ముందు హార్మోనిస్టు రాగచ్ఛాయను అందిస్తాడు. నటుడు పాదం మధ్యలో విరిస్తే అక్కడ ఆగుతాడు, సాగదీస్తే తానూ సాగుతాడు, పద్యాంతంలో నటుడు రాగాన్ని పైస్థాయికి తీసుకుపోతే వెంట వెళ్లి, అతడు ఊపిరి పీల్చుకొనే వ్యవధిలో ఆ సంచారాన్ని తన మెట్లమీద తిరిగి పలికిస్తాడు. నటుడు ఎక్కడ ఆగుతాడో ముందుగా రాసిపెట్టి ఉండదు. నిన్న రేపల్లెలో ఆగిన చోట ఇవాళ బాపట్లలో ఆగకపోవచ్చు. అందుచేత హార్మోనిస్టు చేతుల్లో ఎంత నేర్పు ఉన్నా, చెవిలో నేర్పు లేకపోతే అతడు పద్యనాటకానికి పనికిరాడు.

ఈ సహకారానికి శాస్త్రీయమైన ఆధారం కూడా ఉంది. పదమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో గానాన్ని నిబద్ధమని, అనిబద్ధమని విభజించాడు. ఆలాపన అనిబద్ధ కోటిలోనిది. రంగస్థల పద్యగానం ఛందస్సు దృష్ట్యా బద్ధమే అయినా తాళం దృష్ట్యా అనిబద్ధం. ఉత్పలమాలకు గణాలున్నాయి, యతిస్థానం ఉంది, ప్రాస ఉంది. కాని దాన్ని పాడటానికి పట్టవలసిన కాలాన్ని ఏ గణమూ నిర్ణయించదు. ఆ కాలాన్ని నిర్ణయించేవి పాత్ర మనఃస్థితి, నటుడి శ్వాస, సభలోని నిశ్శబ్దం. క్లిక్కు ఇక్కడ అడుగు పెట్టలేదు. దానికి పెట్టవలసిన కొలత ఈ గానంలో లేదు.

జానపద కళారూపాల్లో ఇదే తత్త్వానికి ‘వంత’ అన్న పేరుంది. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా ఉండే వంతలు గుమ్మెటలు వాయిస్తారు, పల్లవి అందుకొంటారు. వారు అంతటితో ఆగరు. ఒకరు ప్రశ్నిస్తారు, ఒకరు హాస్యమాడతారు, ఊరి సంగతులు కథలోకి తెస్తారు. వంత పాడటమంటే బదులు పలకడం. బదులు పలకాలంటే ముందు వినాలి. వ్యవహారంలో ‘వంత పాడటం’ నిందార్థంలోకి దిగింది గాని, కళలో అది ఒక సమర్థమైన శ్రవణానికి పేరు. ఈ దృష్టితో చూస్తే ట్రాకు వంత పాడలేని తోడు.

మోసం అన్న ఆక్షేపణ

ట్రాకుపై అందరికీ మొదట తోచే ఆక్షేపణ మోసానికి సంబంధించినది. వాయించనిదాన్ని వాయించినట్లు చూపడం అసత్యమని దీని సారాంశం. ఈ ఆక్షేపణకు బలమైన సందర్భాలు ఉన్నాయి. మిల్లీ వనిల్లీ అనే పాశ్చాత్య గాయకద్వయానికి 1990లో ఇచ్చిన గ్రామీ పురస్కారాన్ని, వారి రికార్డులోని గాత్రం వారిది కాదని తేలడంతో అదే సంవత్సరం ఉపసంహరించారు. గాయకుడు పెదవులు కదుపుతూ ఉండగా తన గాత్రం కూడా కలిసిన ట్రాకును వినిపించడం ఈ కోటిలోకే వస్తుంది. శ్రోత ఒక వ్యక్తి చేస్తున్న పనిని వింటున్నాననుకొంటాడు, ఆ పని జరగడం లేదు. ఇది స్పష్టమైన అసత్యం.

అయితే ట్రాకు వినియోగమంతా ఈ కోటిలో చేరదు. అసత్యం కావాలంటే శ్రోతకు ఒక నమ్మకం కలిగించి, దాన్ని వమ్ముచేయాలి. పందిట్లో నలుగురు కళాకారులు కూర్చొని ఉండగా నలభై వయొలిన్లు వినిపిస్తే, అవి ఆ నలుగురూ వాయిస్తున్నారని ఏ శ్రోతా అనుకోడు. పైగా ఈ ప్రాంతపు శ్రోతకు ముద్రిత ధ్వనితో పరిచయం కొత్తది కాదు. బాపట్ల సమీపంలోని బ్రాహ్మణకోడూరులో 1922లో పుట్టిన మాధవపెద్ది సత్యం రంగస్థల నటుడిగా మొదలై సినిమా నేపథ్య గాయకుడయ్యాడు. 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడి పాటకు గాత్రం ఆయనది, రూపం ఎస్.వి. రంగారావుది. 1938లో రేపల్లె తాలూకా పల్లపట్లలో జన్మించిన ఎస్. జానకి కంఠం ఎందరో నటీమణుల ముఖాల్లో పలికింది. ఈ వేరుపాటును తెలిసే తెలుగు ప్రేక్షకులు ఆస్వాదించారు. ఒడంబడిక ఉన్నచోట మోసం లేదు.

కాబట్టి ‘ఇది నిజమైన ధ్వని కాదు’ అన్న ఆక్షేపణ ఒక్కటే నిలవదు. శ్రోతకు ముందే చెప్పి ట్రాకు వాడితే ఈ ఆక్షేపణ పూర్తిగా తొలగిపోతుంది. అయినా ఏదో కోల్పోయిన భావన మిగులుతుంది. బృందాలు నిజాయితీగా ప్రకటించిన తరువాత కూడా మిగిలే ఆ శేషాన్ని వివరించడమే అసలైన కర్తవ్యం.

శ్రుతియంత్రం, లయయంత్రం

యంత్రమైనందువల్లనే ట్రాకు దోషమయిందని చెప్పడం కూడా కుదరదు. హార్మోనియమే ఒకనాడు ఇలాంటి నిందను మోసింది. విదేశాల నుంచి వచ్చిన ఆ పెట్టె గమకాలను పలికించలేదని, భారతీయ సంగీతానికి తగదని వాదించి 1940లో ఆకాశవాణి దాన్ని తన కేంద్రాల నుంచి బహిష్కరించింది. ఆ నిషేధం మూడు దశాబ్దాలపాటు సాగింది. అదే కాలంలో తెనాలి వేదికలపై హార్మోనియం లేని పద్యనాటకాన్ని ఊహించడం కష్టమైంది. నేటి శుద్ధ సంప్రదాయంలో నిన్నటి అపచారం కూడా ఉంటుందన్న ఎరుకతోనే ఈ విచారణ సాగాలి.

ఇక్కడ శాస్త్రీయ సంగీత వేదిక ఒక ఉపయోగకరమైన సాక్ష్యం ఇస్తుంది. శ్రుతి తల్లి, లయ తండ్రి అని సంగీతజ్ఞుల నానుడి. నేడు కర్ణాటక సంగీత కచేరీల్లో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వినిపించడం అందరికీ సమ్మతమే. తంబురా మాధుర్యం తగ్గిందని బాధపడేవారున్నా, దాన్ని అనైతికమన్నవారు అరుదు. తాళాన్ని వినిపించే యంత్రాలు కూడా ఉన్నాయి, సాధనలో వాటిని వాడతారు. కాని వేదికపై మృదంగ విద్వాంసుడి స్థానంలో తాళయంత్రాన్ని కూర్చోబెట్టడాన్ని ఆ సంప్రదాయం అంగీకరించలేదు. రెండూ యంత్రాలే అయినప్పుడు ఈ భేదం ఎందుకు?

శ్రుతి ఒక ఆధారం. అది గాయకుణ్ణి ఎక్కడికీ లాక్కుపోదు. గాయకుడు ఆగితే దానివల్ల నష్టం లేదు, సాగితే అడ్డు లేదు. దానికి వినవలసిన బాధ్యత మొదటినుంచీ లేదు. అందుచేత ఆ పనిని యంత్రానికి అప్పగించినా ఏ బాధ్యతా లోపించదు. లయ అలాంటిది కాదు. అది ఇద్దరి మధ్య నిలిచే సంబంధం. మృదంగ విద్వాంసుడు కీర్తన నడకను పోషిస్తాడు, చరణంలో తగ్గుతాడు, స్వరకల్పనలో గాయకుడి లెక్కను పసిగట్టి అదే క్షణంలో తోడవుతాడు. ఆ పనిని వినలేనిదానికి అప్పగిస్తే సంబంధంలో ఒక పక్క ఖాళీ అవుతుంది.

ఇందుకు ఒక బలమైన ప్రతివాదం ఉంది. కాలప్రమాణం నిలకడగా ఉండటం మన సంగీతంలో గొప్ప గుణం. పాట సాగేకొద్దీ వేగం పెరగడం దోషం. అలాంటప్పుడు ఏ మాత్రం చెదరని క్లిక్కు కాలప్రమాణానికి పరాకాష్ఠ కాదా? దీనికి సమాధానం గుణానికీ ఫలితానికీ ఉన్న తేడాలో ఉంది. కాలప్రమాణం తప్పగలిగే అవకాశం ఉన్న మనుషులు ఒకరినొకరు విని దాన్ని నిలబెట్టుకొంటారు గనుకనే అది గుణమైంది. క్లిక్కు ఆ ఫలితాన్ని ఇస్తుంది, ఫలితాన్ని సాధించే పరస్పరతను తొలగిస్తుంది. తాళం వేసే చెయ్యి సభలో అందరికీ కనిపిస్తుంది, ముందు వరుసలోని శ్రోత కూడా తన తొడమీద అదే తాళం వేసుకొంటాడు. క్లిక్కు ఇయర్‌ఫోనులో దాగి ఉంటుంది. మొదటిది సభ ఉమ్మడి సొత్తు, రెండవది కొందరికి మాత్రమే చేరే ఆజ్ఞ.

క్లిక్కు పుట్టుక కూడా ఈ స్వభావాన్ని వెల్లడిస్తుంది. అమెరికాలో 1930ల నాటి కార్టూన్ చిత్రాల సంగీతంలో దాని వాడుక స్థిరపడింది. తెరమీద బొమ్మ కదలిక ముందే గీసి ఉంటుంది, ఇక మారదు. సంగీతమే దానికి సరిపోవాలి. మారని చిత్రానికి మారగల మనుషులను కట్టడానికి పుట్టిన సాధనం అది. అక్కడ దాని వినియోగం న్యాయమే. వేదికమీద ముందే గీసిన బొమ్మ లేదు, ఎదురుగా ఉన్నది సభ.

అల్‌ఫ్రెడ్ షూట్జ్ అనే సామాజిక తత్త్వవేత్త 1951లో వెలువరించిన ఒక వ్యాసంలో కలిసి సంగీతం చేయడాన్ని పరిశీలించాడు. గడియారం కొలిచే బాహ్యకాలం వేరు, సంగీతం సాగే ఆంతరిక కాలం వేరు అని, వాద్యకారులు ఒకరి ఆంతరిక కాలంలోకి మరొకరు ప్రవేశించి పరస్పరం శ్రుతి కలుపుకోవడమే సహవాదన సారమని ఆయన భావించాడు. ఈ పరిభాషలో చెప్పాలంటే, క్లిక్కు వచ్చినప్పుడు వాద్యకారులు ఒకే సమయంలో వాయిస్తారు, ఒకే కాలంలో జీవించవలసిన అవసరం మాత్రం వారికి ఉండదు. ప్రతి ఒక్కరూ యంత్రంతో కలిస్తే చాలు, అందరూ కలిసినట్లే వినిపిస్తుంది.

వన్స్‌మోర్ ఉన్న సభ

వినడం వాద్యకారులకు మాత్రమే పరిమితం కాదు. సభ కూడా వేదికను వింటుంది, వేదిక సభను వింటుంది. భరతుడు నాట్యశాస్త్రంలో ప్రదర్శన సిద్ధిని మానుషి, దైవికి అని రెండు విధాలుగా చెప్పాడు. ప్రేక్షకుల చిరునవ్వులు, ‘సాధు’ అనే మెప్పులు, ‘అహో’ అనే ఆశ్చర్యాలు, రోమాంచం, ఆసనాల నుంచి లేచి నిలబడటం, వస్త్రాలూ ఉంగరాలూ బహూకరించడం మానుషి సిద్ధిలోనివి. శబ్దమూ క్షోభా లేకుండా నిండిన సభ నిశ్చలంగా ఉండటం దైవికి సిద్ధి. ప్రేక్షకుడి ప్రతిస్పందనను ప్రదర్శన బయట కాక, ప్రదర్శన సాఫల్యంలోనే అంతర్భాగంగా శాస్త్రకారుడు లెక్కించడం గమనించదగినది. ప్రదర్శనకు కలిగే విఘాతాలను కూడా ఆయన అదే అధ్యాయంలో వివరించాడు. తప్పగలిగినదానికే సిద్ధి అన్న మాట అన్వయిస్తుంది.

తెలుగు పద్యనాటక సభలో మానుషి సిద్ధికి ఆధునిక రూపం ‘వన్స్‌మోర్’. ఆ కేక వినగానే నటుడు పద్యాన్ని మళ్లీ ఎత్తుకొంటాడు, తరచుగా మొదటిసారి పాడినట్లు పాడడు. హార్మోనిస్టు కూడా కొత్త దారి వెతుకుతాడు. ఈ పరస్పరత నాటకాల స్వరూపాన్నే మార్చింది. బలిజేపల్లి రచించిన హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు చేరిపోవడం అందరూ ఎరిగినదే. అచ్చయిన నాటక ప్రతిలో లేని మరొక కవి పద్యాలు నటుల గళాల ద్వారా, ప్రేక్షకుల ఆదరణ ద్వారా ఆ సన్నివేశంలో విడదీయరాని భాగమయ్యాయి. వేదిక తెరిచి ఉన్నందువల్లనే అది సాధ్యపడింది. ఆ సన్నివేశపు సంగీతమంతా ముందే ట్రాకుగా ముద్రితమై ఉంటే, జాషువా పద్యానికి లోపలికి వచ్చే దారి ఉండేది కాదు.

దీనికి ఎదురు నిలిచే వాదాన్ని తేలికగా తీసుకోరాదు. కాంట్రాక్టు నాటకాల కాలంలో ఈ పరస్పరతే వ్యసనమైందన్నది నాటక విమర్శకులు ఎన్నాళ్లుగానో చేస్తున్న ఫిర్యాదు. రాగాలాపన నాటకాన్ని మింగివేసింది. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగి పోటీపడి పద్యాలు పాడారు. చనిపోయిన పాత్ర లేచి పద్యం మళ్లీ పాడిందన్న హాస్యకథలు పుట్టాయి. సభ మెప్పుకు లొంగిపోయిన వేదిక రసాన్ని కోల్పోయింది. ఈ అనుభవాన్ని తలచుకొన్నవారు, నిర్ణీత కాలంలో ముగిసే ముద్రిత సంగీతం ఒక క్రమశిక్షణే కదా అని అడగవచ్చు. కాలపరిమితి గల పరిషత్తు పోటీలకు అది అనుకూలం కూడా.

ఆ విమర్శలో నిజం ఉంది. వినడం, లొంగిపోవడం ఒకటి కాదు. సభ అడిగిన ప్రతిసారీ పాడిన నటుడు సభను విన్నాడని చెప్పలేం, మెప్పును మాత్రమే విన్నాడు. దైవికి సిద్ధిని, అంటే నిండుసభ నిశ్శబ్దాన్ని, అతడు వినలేకపోయాడు. అయితే ఈ రోగానికి మందు వివేచన. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు సాగాలి అన్న నిర్ణయశక్తి అది. నిర్ణయించాలంటే రెండు దారులూ తెరిచి ఉండాలి. ట్రాకు అతిని నివారించే మాట నిజమే, దానితోపాటు ఔచిత్యానికీ తలుపు మూస్తుంది. వన్స్‌మోర్‌ను మన్నించిన నటుణ్ణి మెచ్చుకోవచ్చు, మన్నించనివాణ్ణి ఇంకా ఎక్కువ మెచ్చుకోవచ్చు. మన్నించే వీలే లేనివాణ్ణి మెచ్చుకోవడానికీ నిందించడానికీ ఏమీ ఉండదు. కళలో సంయమం గుణం కావాలంటే, సంయమం అవసరమయ్యే స్వేచ్ఛ ముందు ఉండాలి.

ఆరాధన సందర్భంలో ఈ విషయం మరింత తేటపడుతుంది. రామమందిరంలో భజన సాగుతున్నప్పుడు ఒక నామాన్ని ఎన్నిసార్లు అనాలో సమూహమే తేల్చుకొంటుంది. చర్చిలో కీర్తన చివరి చరణాన్ని సంఘం కన్నీళ్లతో మళ్లీ అందుకొన్నప్పుడు, హార్మోనియం, డోలక్ వాయించేవారు తమంతట తామే వెనక్కి తిరిగి ఆ చరణాన్ని పడతారు. ట్రాకు నడిపే ఆరాధనలో ఆ చరణం ముగిసిన చోట ప్రార్థన కూడా ముగియవలసి వస్తుంది. ట్రాకులో ఒక భాగాన్ని మళ్లీ మళ్లీ తిప్పగల సాంకేతికత ఇప్పుడు వచ్చింది. అయితే తిప్పాలని తెలుసుకొని మీట నొక్కే మనిషి అక్కడ వినవలసిందే. యంత్రం ఎంత నేర్చినా, వినే బాధ్యత ఎవరో ఒకరు మోయకుండా తీరదని దీనివల్ల రుజువవుతుంది.

జీవనోపాధి ప్రశ్న

ఇంతవరకు చెప్పినది కళాకారుల పక్షాన మాత్రమే ఉంది. ఆదాయం తక్కువైన చిన్న బృందాల పక్షం కూడా వినవలసి ఉంది. పెద్ద వాద్యబృందాన్ని పిలిపించాలంటే ప్రయాణం, భోజనం, బస, పారితోషికం అన్నీ భరించాలి. తిరునాళ్ల కమిటీ ఇచ్చే సొమ్ము నలుగురికే చాలనప్పుడు, మిగిలిన ఎనిమిదిమందిని వదులుకోవడం ఆ బృందం కోరి చేసిన పాపం కాదు. పైగా శ్రోత చెవి సినిమా పాటకు అలవాటు పడింది. సినిమాలో వినిపించిన ప్రతి వాద్యాన్నీ అతడు పందిట్లో కూడా ఆశిస్తాడు. మద్రాసు స్టూడియోల్లో ఒకప్పుడు గాయకులూ వాద్యబృందమూ ఒకే చోట చేరి, ఒకేసారి పాడి వాయించి పాటను ముద్రించేవారు. బహుళ ట్రాకుల ధ్వనిముద్రణ వచ్చాక ఎవరి భాగాన్ని వారు విడివిడిగా ముద్రించే పద్ధతి స్థిరపడింది. అలా పొరలు పొరలుగా పేర్చిన పాటను ఉన్నదున్నట్లు వినిపించమని పల్లె పందిరి బృందాన్ని అడగడమంటే, ట్రాకు వాడమని చెప్పకనే చెప్పడం. వాద్యకారులు తగ్గిపోయారని వాపోయే శ్రోతకు ఈ మార్పులో వాటా ఉంది.

అందుచేత ఇక్కడ నైతిక బాధ్యత ఒక్కరిమీద పడదు. అయినా అది ఎవరిమీదా పడదని చెప్పడం తప్పు. మైనస్ ట్రాకులో వినిపించే తబలా ఒకప్పుడు ఎవరో ఒక వ్యక్తి వాయించినదే. ఆ వాయింపుకు అతడికి ఒక్కసారే ప్రతిఫలం ముట్టింది. దాన్ని వందల పందిళ్లలో వినిపిస్తున్నప్పుడు అతడి పేరు కూడా ఎవరికీ తెలియదు. మరోవైపు, ఆ పందిట్లో కూర్చొని వాయించగలిగిన స్థానిక తబలా కళాకారుడు ఇంటి దగ్గర ఉన్నాడు. ఒకే ధ్వని ఇద్దరిని ఏకకాలంలో అదృశ్యం చేస్తున్నది. పైకి కనిపించని ఈ నష్టం ఇంకొక తరానికి సంక్రమిస్తుంది. తోడు వాయించడం గురువు పక్కన కూర్చొని, తప్పులు చేస్తూ, వేదికమీదనే నేర్చుకొనే విద్య. హార్మోనిస్టు కావలసిన కుర్రవాడికి ఆ పక్కస్థానం లేకపోతే, రేపు డబ్బున్న బృందానికి కూడా వినగల హార్మోనిస్టు దొరకడు. పేదరికం వల్ల మొదలైన మార్పు అప్పుడు విద్యాలోపంగా స్థిరపడుతుంది.

ముగింపు

పై చర్చ నుంచి ట్రాకు, క్లిక్కుల వినియోగానికి మూడు ప్రమాణాలు తేలుతున్నాయి.

మొదటిది ప్రకటన. చేయని పనిని చేసినట్లు చూపరాదు. ట్రాకు వాడుతున్న సంగతి సభకు తెలిస్తే అసత్యదోషం ఉండదు. ఇది కనీస ధర్మం మాత్రమే, దీనితో చర్చ ముగియదు.

రెండవది విభజన. వినవలసిన అవసరం లేని పనిని యంత్రానికి అప్పగించవచ్చు. శ్రుతి, దూరపు ఉరుము, నేపథ్యంలోని జనఘోష, మొదటినుంచి చివరిదాకా మారని తాళగతి గల నృత్యగీతం ఇలాంటివి. బదులు పలకవలసిన పనిని అప్పగించరాదు. పద్యం, ఆలాపన, భజన, సంఘగానం, నటుడి దుఃఖం వెంట నడిచే సంగీతం ఈ కోటిలోనివి. ఈ విభజనకు ఒక సులభమైన పరీక్ష ఉంది. నటుడు ఆగితే ఈ తోడు ఆగుతుందా? ఆగనవసరం లేని చోట ట్రాకు నిరపాయం. ఆగవలసి ఉండీ ఆగలేని చోట అది తోడు కాదు, నటుణ్ణి తరిమేది.

మూడవది స్థానం. ఎంత చిన్న బృందమైనా, వినే ఒక మనిషికి వేదికపై చోటు మిగల్చాలి. పన్నెండుమందిని పోషించలేని బృందం ఒక హార్మోనిస్టునైనా నిలుపుకోగలదు. ఉత్సవ కమిటీలు, పరిషత్తులు, విద్యాసంస్థలు పారితోషికాలను, పోటీ నిబంధనలను నిర్ణయించేటప్పుడు ప్రత్యక్ష సహకారాన్ని ఒక అర్హతగా గుర్తిస్తే ఈ భారం బృందంమీద మాత్రమే పడకుండా ఉంటుంది. ఈ విషయంలో తెలుగు శాఖలకు కూడా పని ఉంది. పద్యనాటకాన్ని అచ్చుప్రతిగా బోధించే తరగతిలో హార్మోనిస్టు విన్న విరామాలకు చోటు లేదు. నటుడి గానం ఎంత సాహిత్యాంశమో, ఆ గానాన్ని కనిపెట్టుకొని ఉన్న చెవి కూడా అంత సాహిత్యాంశమే. మిగిలి ఉన్న వృద్ధ హార్మోనిస్టుల అనుభవాలను, వారు విన్న పద్ధతిని నమోదు చేయడం తక్షణం జరగవలసిన పరిశోధన.

ట్రాకు ఎంత నిర్దుష్టంగా మోగినా, సభలో ఎవరు ఉన్నారో దానికి తెలియదు. తెనాలిలో మోగినట్లే రేపల్లెలోనూ మోగుతుంది, నిండుసభలో మోగినట్లే ఖాళీ కుర్చీల ముందూ మోగుతుంది. ప్రత్యక్ష ప్రదర్శనకు వచ్చిన శ్రోత ధ్వని కోసం మాత్రమే రాలేదు. ధ్వని అతడికి ఇంట్లోనే దొరుకుతుంది. తాను ఉన్నందువల్ల ఏదో ఒకటి మారగల చోట కూర్చోవడానికి అతడు వచ్చాడు. ఆ మార్పుకు అవకాశం ఇవ్వడమే ప్రదర్శకుడు అతడికి చెల్లించవలసిన ఋణం.